పదకొండు పది, నాలుగు నలభై

దెయ్యాల్ని నేను నమ్మను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇదంతా చదివాక మీరు నన్ను నమ్మేవాళ్ళ లెక్కలో వేస్తారు. మా అమ్మది దివిసీమ. ఉప్పెన తర్వాత అటువైపు ఇంటికో కథ ఉండేది. కరకట్ట మీద నడుస్తుంటే వెనక నుంచి పేరు పెట్టి పిలిచారనీ, పోయిన పిల్లాడు చూరు కింద తడుస్తూ నిలబడ్డాడనీ. నాకప్పుడు మూడేళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కథలు వింటూనే పెరిగాను. చెప్పేవాళ్ళ ఏడుపు నిజమని తెలుసు. కథ మాత్రం నమ్మబుద్ధయ్యేది కాదు.

పెద్దయ్యాక ఎమ్సీఏ చదివి, బందరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పడానికి చేరాను. ఆదివారం చర్చికి వెళ్తాను. మిగతా ఆరు రోజులూ కారణం లేకుండా ఏదీ జరగదని పిల్లలకి పాఠం చెప్తాను. ఇప్పటికీ అదే నా పని.

నేను చెప్పబోయేది మా అన్నయ్య గురించి. పేరు ప్రభుదాసు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. రెండేళ్ళ వయసులో ఏదో జ్వరం వచ్చి వినికిడి పోయిందట. మాటలు నేర్చుకునే వయసులో చెవులు పోయాయి కాబట్టి మాటలూ రాలేదు. గొంతు మాత్రం ఉండేది. కోపం వస్తే ఒక అరుపు, నవ్వొస్తే ఇంకో రకం అరుపు. నన్ను పిలవాలంటే రెండు వేళ్ళు భుజాల మీద నుంచి కిందికి జార్చేవాడు. చిన్నప్పుడు నాకు రెండు జడలు ఉండేవి, అందుకు.

చెవిటి పిల్లల బడిలో పదో తరగతి దాకా చదివాడు. చెయ్యి బాగుండేది. బొమ్మల కంటే అక్షరాలు బాగా రాసేవాడు. అవనిగడ్డలో బస్టాండు దగ్గర ఒక గది అద్దెకి తీసుకుని బోర్డులు రాసుకుంటూ బతికేవాడు. షాపుల షట్టర్ల మీద, లారీల వెనక, ఎన్నికలొస్తే గోడల మీద. నాగాయలంక, పాలకాయతిప్ప వైపు జాలరులు తమ పడవల మీద పేర్లు రాయించుకోవడానికి అన్నయ్యనే తీసుకెళ్ళేవారు. తాను ఎన్నడూ వినని మాటల్ని అంత అందంగా రాసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. నాకు పెళ్ళయింది గానీ, అమ్మానాన్నా పోయాక ఆయనకి నేనూ, నాకు ఆయనా. చల్లపల్లిలో దీనమ్మ పెద్దమ్మ ఒకావిడ ఉండేది.

ఫోన్లు వచ్చాక లోకమంతా దగ్గరైందన్నారు గానీ, మా అన్నయ్యకి ఒరిగిందేమీ లేదు. ఉత్తరం రాస్తే మూడు రోజులు. అలాంటిది రెండు వేల రెండులోనో మూడులోనో అవనిగడ్డలో ఇంటర్‌నెట్ సెంటర్ పెట్టారు. పెట్టినాయన పేరు శేషగిరి. నేను ఒక సెలవు రోజు వెళ్ళి, అన్నయ్యకి ఈమెయిల్ అకౌంటు తెరిచి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు ఎలా రాయాలో నేర్పాను. పక్క కంప్యూటర్లో నేను కూర్చుని "అన్నయ్యా, అన్నం తిన్నావా" అని రాసి పంపాను. ఆయన తెర మీద అది పడింది. నా వైపు చూశాడు, తెర వైపు చూశాడు. ఆ నవ్వు అరుపు అరిచాడు. సెంటర్లో వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు.

అప్పటి నుంచీ రోజూ రాసేవాడు. పొద్దున పదకొండింటికి టీ తాగి, సెంటర్‌కి వెళ్ళి నాలుగు ముక్కలు. నేను మధ్యాహ్నం పన్నెండున్నరకి క్యారేజీ విప్పే ముందు చూసేదాన్ని. ఆయన రాతలో విభక్తులు ఉండవు. "బోటు పేరు రాసా. పసుపు రంగు. ఓనరు సంతోషం." అంతే ఉండేది. ఆ మూడు ముక్కల కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని.

ఇక్కడ మా కాలేజీ కంప్యూటర్ గురించి కొంచెం చెప్పాలి. ఆ ఏడు సిలబస్‌లోకి లినక్స్ వచ్చింది, విండోస్ లాగే కంప్యూటర్ని నడిపించే ఇంకో వ్యవస్థ. ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లలోనే విండోస్ పక్కన లినక్స్ కూడా వేశారు. ఆన్ చెయ్యగానే ఏది కావాలని అడుగుతుంది. ఒకటి నడుస్తుంటే రెండోది నడవదు. నాకు వచ్చిన చిక్కేమిటంటే, లినక్స్‌లో ఉన్నప్పుడు దింపుకున్న మెయిళ్ళు విండోస్‌లోకి వెళ్తే కనపడేవి కావు. మా ల్యాబ్ చూసుకునే రాజశేఖర్ అనే అతను దానికి ఒక ఉపాయం చేశాడు. రెండింటికీ అందే చోట ఒక ఫోల్డర్ పెట్టి, నా మెయిళ్ళన్నీ అందులోనే పడేటట్టు చేశాడు. రెండు వైపులా ఒకే మెయిల్ ప్రోగ్రాం వేశాడు. ఎటు నుంచి తెరిచినా అవే ఉత్తరాలు, అదే ఫైలు.

ఒక్క లోపం మిగిలిపోయింది. లినక్స్‌లో మన దేశం టైము పెట్టడం మర్చిపోయాడు. అందుకని అటు నుంచి చూస్తే ప్రతి మెయిలూ ఐదున్నర గంటలు వెనక్కి కనపడేది. అన్నయ్య పదకొండింటికి రాసినది తెల్లవారుజామున ఐదున్నరకి రాసినట్టు చూపించేది. రాజశేఖర్ గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవాడు, సాయంత్రం బండి టైమైతే ఇక కాలు నిలవదు. "రేపు చేస్తాను మేడమ్" అంటూ ఉండేవాడు. నాకూ మనసులో ఐదున్నర కలుపుకోవడం అలవాటైపోయింది.

ఆ రోజు బుధవారం. ఆగస్టు నెల. రెండో సంవత్సరం పిల్లలకి ప్రాక్టికల్స్. పొద్దున్నుంచీ నా కంప్యూటర్ లినక్స్‌లోనే ఉంది. పన్నెండున్నరకి బ్యాచ్ మారే మధ్యలో మెయిల్ తెరిచాను. కొత్తగా వచ్చినవి లావు అక్షరాల్లో కనపడాలి. ఏమీ లేదు. పాలకాయతిప్ప వైపు పడవ పనికి వెళ్ళాడేమో అనుకున్నాను. అలా వెళ్ళిన రోజుల్లో రాసేవాడు కాదు. మూసేసి అన్నం తిన్నాను.

మూడు దాటాక మబ్బు పట్టింది. నాలుగింటికి గట్టిగా వాన. ప్రాక్టికల్స్ అయ్యాక, మార్కులు టైపు చేద్దామని కంప్యూటర్ని విండోస్‌లోకి మార్చాను. ఐదు కావస్తోంది. మెయిల్ తెరిస్తే అన్నయ్య ఉత్తరం ఉంది. పక్కన టైము నాలుగు నలభై.

అందులో ఇలా ఉంది.

"నిర్మలా. పొద్దున ఛాతీ నొప్పి. చెయ్యి కూడా. ఇప్పుడు లేదు. నువ్వు రా. వాన వస్తోంది. చప్పుడు బాగుంది."

ఛాతీ నొప్పి అన్నది రెండుసార్లు చదివాను. ఇప్పుడు లేదు అన్నాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. చివరి మాట దగ్గర ఆగాను. అన్నయ్యకి చప్పుడు అనే మాట తెలుసు, బళ్ళో చదువుకున్నాడు. కానీ తన గురించి రాసేటప్పుడు ఎన్నడూ వాడలేదు. ఇంకేదో రాయబోయి ఇది రాశాడనుకున్నాను. ఇంకా సెంటర్లోనే ఉంటాడని, "రేపు మొదటి బస్సుకి వస్తాను. ఇప్పుడే వెంకటరత్నం గారిని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళు" అని జవాబు టైపు చేస్తున్నాను. వెంకటరత్నం గారంటే అన్నయ్య అద్దెకున్న గది ఓనరు.

జవాబు సగంలో ఉండగా అటెండరు వచ్చాడు. "మేడమ్, ఆఫీసులో మీకు ఫోనండీ. అవనిగడ్డ నుంచంట."

ఫోన్లో వెంకటరత్నం గారే. "అమ్మా నిర్మలా" అని ఆగిపోయారు. రెండోసారి కూడా అదే అన్నారు. మూడోసారి, "దాసు లేడమ్మా" అన్నారు.

నేను, "లేకపోవడమేంటండీ, ఇప్పుడే మెయిల్ పెట్టాడు. నాలుగు నలభైకి" అన్నాను.

"మధ్యాహ్నం ఒంటిగంటకే అమ్మా. నీ నంబరు దొరక్క ఇంతసేపయింది. చల్లపల్లి మనిషిని పంపించి మీ పెద్దమ్మ దగ్గర తీసుకున్నాం" అన్నారు.

మా వారూ నేనూ ఆ వానలోనే బస్సెక్కాం. గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరా నేను ఒకే మాట అంటూ ఉన్నానట, వాళ్ళు పొరబడ్డారని. నా దగ్గర ఉత్తరం ఉంది కదా. రాసిన మనిషి పోవడమేమిటి.

వెంకటరత్నం గారి అరుగు మీద పడుకోబెట్టారు. కుడిచేతి గోళ్ళ సందుల్లో ఎర్రరంగు ఉంది.

జరిగింది ఇది. బస్టాండు పక్కన ఎరువుల షాపు షట్టరు మీద పేరు రాస్తున్నాడు. పదకొండింటికి కుంచె డబ్బాలో పడేసి వెళ్ళాడు. పదకొండున్నర దాటాక తిరిగొచ్చాడు. నిచ్చెన ఎక్కలేదు. షాపు మెట్టు మీద కూర్చుని గోడకి ఆనుకున్నాడు. షాపాయన పన్నెండుకి కాస్త ముందు చూశాడట, ఎండకి అలసి కునుకు తీస్తున్నాడనుకున్నాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ పక్కనుంచే వెళ్ళారు. ఒకరిద్దరు పలకరించారు కూడా. దాసు పిలిస్తే పలకడని ఊరంతటికీ తెలుసు, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. ఒంటిగంటకి భోజనానికి వెళ్తూ షాపాయన భుజం తట్టాడు. అప్పటికే అయిపోయింది. డాక్టరు కూడా అదే చెప్పారు, తీసుకొచ్చేసరికే ప్రాణం లేదని.

మర్నాడు బందరు తీసుకొచ్చి అమ్మానాన్నల పక్కన సమాధి చేశాం. ఆ రెండు రోజులూ ఉత్తరం గురించి ఎవరితోనూ ఎత్తలేదు. మూడో రోజు గది ఖాళీ చెయ్యడానికి అవనిగడ్డ వెళ్ళినప్పుడు, తిన్నగా ఇంటర్‌నెట్ సెంటర్‌కి వెళ్ళాను.

శేషగిరి గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. అడక్కుండానే రిజిస్టరు తీశారు. వచ్చినవాళ్ళు పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము రాయాలి. బుధవారం పేజీలో అన్నయ్య చేతిరాత. ఆ రాత ఎక్కడున్నా గుర్తుపడతాను. వచ్చింది పదకొండు. మూడో క్యాబిన్. వెళ్ళిన టైము దగ్గర పదకొండు ఇరవై అని శేషగిరి గారి రాత.

"వెళ్ళేటప్పుడు సంతకం పెట్టలేదమ్మా. ఒళ్ళంతా చెమటలు. మంచినీళ్ళిస్తే తాగాడు. ఏంటని సైగ చేస్తే, ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాడు. నేనే ఎవరినైనా తోడిచ్చి పంపాల్సింది" అన్నారాయన. కళ్ళు తుడుచుకున్నారు.

"మెయిల్ పంపాడా అండీ?" అన్నాను.

"టైపు చెయ్యడం చూశాను. ఈలోగా కరెంటు పోయింది. పదకొండుంబావు అప్పుడు. పంపేశాకే పోయిందో, పంపకుండానే పోయిందో నాకు తెలీదమ్మా."

"మళ్ళీ ఎప్పుడొచ్చింది?"

"నాలుగున్నరకి. కానీ మూడో క్యాబిన్‌లో కంప్యూటర్ నేను ఆన్ చెయ్యలేదు. వానకి సరిగ్గా దాని మీదే కారుతుంది. మూడింటికే పట్టా కప్పేశాను. మర్నాడు పొద్దున దాకా తియ్యలేదు."

పట్టా ఇంకా అక్కడే మడతపెట్టి ఉంది. నేను వేరే కంప్యూటర్ ముందు కూర్చుని అన్నయ్య అకౌంటు తెరిచాను. పాస్‌వర్డు మా ఇద్దరికే తెలుసు. పంపిన ఉత్తరాల జాబితాలో చివరిది మంగళవారంది. బుధవారం ఏమీ పంపినట్టు లేదు. సగం రాసి వదిలేసినది కూడా లేదు.

బయటికొచ్చి శేషగిరి గారిని ఇంకొక్కటి అడిగాను. పొద్దున ఇక్కడ వాన పడిందా అని. "లేదమ్మా, పెటపెటలాడే ఎండ. వాన మూడు తర్వాతే" అన్నారు.

పెద్దమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. తిరిగొస్తూ చల్లపల్లిలో దిగి, ఆ ఉత్తరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చెవులొచ్చినియ్యే వాడికి. మొదటిసారి వాన విన్నాడు, నీకు చెప్పకుండా ఉంటాడటే?" అంది. సంతోషంగా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నయ్యకి కావాల్సింది చెవులు కాదు పెద్దమ్మా, డాక్టరు. పదకొండింటికి నన్ను రమ్మన్నాడు. నేను అన్నం తింటా కూర్చున్నాను" అని అరిచాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకోలేదు.

కాలేజీకి తిరిగి వెళ్ళింది తర్వాతి సోమవారం. కంప్యూటర్ ఆన్ చేసి ఈసారి లినక్స్ వైపు వెళ్ళాను. అన్నయ్య ఉత్తరం పక్కన పదకొండు పది అని ఉంది.

ఇందులో వింతేమీ లేదని నాకే తెలుసు. లినక్స్ ఐదున్నర గంటలు తక్కువ చూపిస్తుంది. నాలుగు నలభైలోంచి ఐదున్నర తీసేస్తే పదకొండు పది. లెక్క సరిపోయింది. సరిపోవడం వల్లే భయం వేసింది. అన్నయ్య ఆ క్యాబిన్‌లో కూర్చుని టైపు చేస్తున్నది సరిగ్గా పదకొండు పదికే కదా.

రాజశేఖర్‌ని పిలిచి అంతా చెప్పాను. పాతికేళ్ళవాడు, ప్రతిదానికీ నవ్వుతూ ఉండేవాడు. ఆ రోజు నవ్వలేదు. "తప్పు నాది మేడమ్. టైము సరిచేస్తే రెండువైపులా నాలుగు నలభై అవుతుంది. సర్వర్ దగ్గర ఆలస్యమై ఉంటుంది, అంతే" అన్నాడు. నా ఎదుటే కూర్చుని లినక్స్‌లో మన టైము పెట్టాడు.

మెయిళ్ళన్నీ ఐదున్నర గంటలు ముందుకి జరిగాయి. యూనివర్సిటీ నుంచి వచ్చినవి, స్నేహితులవి, అన్నయ్య పాత ఉత్తరాలు. ఐదున్నర అని ఉన్నవి పదకొండు అయ్యాయి. బుధవారంది మాత్రం పదకొండు పదిగానే ఉండిపోయింది.

రాజశేఖర్ మూసి తెరిచాడు. మార్పు లేదు. విండోస్‌లోకి మార్చి చూశాడు. అక్కడ నాలుగు నలభై. మళ్ళీ లినక్స్‌లోకి వస్తే పదకొండు పది. "ప్రోగ్రాం చూపించేదాంతో పని లేదు మేడమ్, ఫైలే తెరుద్దాం" అన్నాడు. మెయిల్ లోపల, మనకి మామూలుగా కనపడని పై వరసల్లో, అది ఎప్పుడు బయల్దేరిందో రాసి ఉంటుంది. అది చూపించే రకాన్ని బట్టి మారేది కాదు, ఫైల్లో పడిపోయిన అక్షరాలు. లినక్స్ నుంచి తెరిచి ప్రింటు తీశాడు. విండోస్ నుంచి తెరిచి ఇంకోటి తీశాడు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

ఒకదాని మీద పదకొండు పది అని ఉంది. రెండోదాని మీద నాలుగు నలభై అని ఉంది. మిగతా ప్రతి అక్షరం ఒకటే.

"ఫైలు ఒకటే కదా రాజశేఖర్?" అన్నాను.

"ఒకటే మేడమ్" అన్నాడు. కాగితాలు రెండూ సొరుగులో పెట్టేసి, "దీన్ని ఇంక కెలకొద్దండి" అన్నాడు. ఆ సాయంత్రం రైలుకి చాలా టైముండగానే వెళ్ళిపోయాడు.

కెలకొద్దనుకున్నంత మాత్రాన మనసు ఊరుకోదు. నా బాధ దెయ్యం గురించి కాదు. పదకొండు పదికి పంపి ఉంటే, పన్నెండున్నరకి అది నా పెట్టెలో ఉండి ఉండాలి. అంటే నేను చూసుకోలేదన్నమాట. బ్యాచ్ మారే హడావుడిలో రెండు నిమిషాలు తెరిచి మూసేశాను. ఆఫీసు ఫోన్ నుంచి వెంకటరత్నం గారికి ఒక్క మాట చెప్తే, ఆయన నాలుగడుగులు వేస్తే ఆ షాపు మెట్టు. ఆసుపత్రి పక్క వీధిలోనే. అప్పటికి ప్రాణం ఉందో లేదో ఎవరికీ తెలీదు. ఉందేమో.

నాలుగు నలభైకి పంపి ఉంటే నా తప్పేమీ లేదు. కానీ అప్పటికి అన్నయ్యని అరుగు మీద పడుకోబెట్టి మూడు గంటలు దాటింది.

రోజూ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలని అడిగేది కదా. నేను ఆ ప్రశ్న ముందు చెయ్యి ఆడక కూర్చుండిపోయేదాన్ని. పిల్లలు వెనక నుంచి "మేడమ్, మేడమ్" అనేవాళ్ళు. లినక్స్‌లోకి వెళ్ళాల్సిన క్లాసుల్ని వేరే ఆయనకి అప్పగించి, ఆయనవి నేను తీసుకున్నాను. ఇంట్లో మా వారు గమనించారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఆ రెండోది తీయించెయ్యి నిర్మలా. ఒకటే ఉంటే ఒకటే చూస్తావు" అన్నారు.

క్రిస్మస్ సెలవులకి ముందు రాజశేఖర్‌ని పిలిచి నా కంప్యూటర్లో లినక్స్ తీసెయ్యమన్నాను. నిజమేదో తెలిసి అడగలేదు. నాకు నిద్ర కావాలి, అందుకడిగాను. అతను అర్థం చేసుకున్నాడు. ఏమీ అడక్కుండా ఆ భాగం తుడిచేశాడు. మెయిళ్ళున్న ఫోల్డర్ని ముట్టుకోలేదు. "అయిపోయింది మేడమ్" అన్నాడు.

విండోస్ వచ్చింది. మెయిల్ తెరిచాను. అతను నా వెనకే నిలబడి ఉన్నాడు.

పదకొండు పది.

రాజశేఖర్ నా భుజం మీదుగా వంగి చూశాడు. గోడ గడియారం చూశాడు, కంప్యూటర్ గడియారం చూశాడు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. అన్నయ్య మిగతా ఉత్తరాలు వేటి టైముకి అవి ఉన్నాయి. ఉత్తరం తెరిచాను. మొదటి నాలుగు ముక్కలూ ఉన్నాయి. పొద్దున ఛాతీ నొప్పి, చెయ్యి కూడా, ఇప్పుడు లేదు, నువ్వు రా. దాని తర్వాత ఖాళీ. వాన లేదు. చప్పుడు లేదు.

"ముందు ఉంది కదా రాజశేఖర్? నువ్వూ చదివావు కదా?" అని అడిగాను.

"చదివాను మేడమ్" అన్నాడు. సొరుగులోంచి ఆ ప్రింటు కాగితాలు తీశాడు. రెండింటి మీదా చివరి మాటలు ఉన్నాయి. వాన వస్తోంది, చప్పుడు బాగుంది. కాగితాలు నా చేతికిచ్చి, పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాడు. సంక్రాంతి తర్వాత అతను ఆ ఉద్యోగం మానేశాడు. హైదరాబాద్‌లో స్థిరపడ్డాడని విన్నాను. కొన్నేళ్ళ కిందట ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోన్ చేశాను. బాగానే మాట్లాడాడు, పిల్లల గురించి చెప్పాడు. ఆ సంగతి ఎత్తగానే, "గుర్తుందండీ. నేను చేసింది తుడవడమే, దిద్దలేదు. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. అలా ఎందుకన్నాడో నాకు తెలుసు. నేను అతన్నే అనుమానించానని అతనికి తెలుసు.

ఇదంతా కంప్యూటర్లు తెలిసినవాళ్ళకి చాలామందికి చెప్పి చూశాను. సర్వర్ అన్నారు, కరెంటు అన్నారు, ఫైలు పాడైందన్నారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్కకి కారణం చెప్తారు. అన్నిటికీ కలిపి చెప్పినవాళ్ళు లేరు. ఒకాయన మాత్రం, "మీరు దుఃఖంలో ఉన్నారు కదా" అన్నాడు. అది కూడా ఆలోచించాను. శేషగిరి గారి రిజిస్టరు దుఃఖంలో లేదు. రాజశేఖర్ మా అన్నయ్యని ఎన్నడూ చూడలేదు.

ఆ కాలేజీ ఇప్పుడు లేదు. నాకు యాభై దాటాయి. ఇంకో కాలేజీలో చెప్తున్నాను. క్లాసు మధ్యలో ఫోన్‌కి మెసేజ్ వచ్చిన చప్పుడైతే, పాఠం ఆపి చూస్తాను. పిల్లలకి ఫోన్లు వద్దని చెప్పే మేడమ్ తాను మాత్రం చూస్తుందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మెసేజ్ కింద ఉండే టైము కూడా చూస్తాను, గోడ గడియారంతో పోల్చుకుంటాను. ఎప్పుడూ సరిపోతుంది.

ఆ బుధవారం సరిపోలేదు. ఎందుకో నాకు ఇవాళ్టికీ తెలీదు.